రెండు చప్పుళ్ల నడుమ

పుట్టకముందే మొదలై పోయేదాకా ఆగని అవయవమని గుండెను పొగుడుతాం. ఆ పొగడ్తను ఒకసారి లెక్క వేసి చూడాలి. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో ఆవృత్తికి సుమారు 0.8 సెకను పడుతుంది. అందులో జఠరికలు బిగిసి రక్తాన్ని తోసే కాలం 0.3 సెకను. మిగిలిన 0.5 సెకను అవి సడలి ఉంటాయి. ఇదే వాటాను ఇరవైనాలుగు గంటలకు పరిస్తే తొమ్మిది గంటలు బిగువు, పదిహేను గంటలు సడలిక. మనలో ఏ ఉద్యోగికీ ఇన్ని గంటల తీరిక దొరకదు. గుండె మాత్రం దాన్ని ఒకేసారి తీసుకోదు. ప్రతి చప్పుడు వెంటా అర సెకను చొప్పున తీసుకుంటుంది.

ఆ అర సెకనును వైద్యులూ సిస్టర్లూ డయాస్టోల్ అంటారు. నర్సింగ్ పుస్తకంలో గుండె గురించి ఉన్న పాఠమంతా నా కళ్లకు ఆ ఒక్క చోటి చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. మన ఉపాసనా గ్రంథాలూ ఇలాంటి చోటినే వెతికాయి. రాత్రీ పగలూ కలిసే వేళను సంధ్యావందనానికి ఎంచుకున్నాయి. విజ్ఞానభైరవం లోపలికి వచ్చిన ఊపిరి ఇంకా బయటికి మళ్లని క్షణాన్ని పట్టుకోమంది. మాండూక్యం ప్రణవంలో మూడు మాత్రలు చెప్పి, ఏ మాత్రకూ అందని నాలుగోదాన్ని చూపింది. ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని చాలాకాలంగా ఉంది.

ముందు ఇల్లు చూద్దాం. రొమ్ముటెముక వెనక, రెండు ఊపిరితిత్తుల నడుమ, విభాజక పటలం మీద ఆనుకుని, మూడింట రెండు వంతులు మధ్యరేఖకు ఎడమవైపున గుండె ఉంటుంది. ఎవరి గుండె వారి పిడికిలంత. పెద్దవాళ్లలో బరువు సుమారు 300 గ్రాములు. వెడల్పైన భాగం పైన, మొన కింద, కాస్త ఎడమకు వాలి. ఆ మొన తాకిడి అయిదో పక్కటెముకల సందులో, మెడ కింది ఎముక సగం నుంచి కిందికి గీసుకున్న గీత మీద చేతికి తగులుతుంది. నర్సింగ్ విద్యార్థిని మొదట నేర్చుకునే చిరునామాల్లో ఇదొకటి.

నారాయణ సూక్తం ఈ గుండెను కిందికి వంగిన తామర మొగ్గగా భావించింది. కంఠానికి దిగువన, నాభికి జానెడు ఎగువన అని చోటు కూడా చెప్పింది. సుశ్రుతుడూ అధోముఖంగా ఉన్న తామరే అన్నాడు. మెలకువలో విచ్చుకుంటుందనీ నిద్రలో ముడుచుకుంటుందనీ కూడా అన్నాడు. మొదటి మాట ఆకారానికి సరిపోయింది, రెండో మాట సరిపోలేదు. ఈ రెండింటినీ కలిపి మింగేసి, ఉపనిషత్తులోని 72 వేల నాడులకూ మణికట్టు దగ్గర కొట్టుకునే 72కూ ముడివేసి, మనవాళ్లకు అన్నీ ముందే తెలుసని చప్పట్లు కొట్టించుకునే ఉపన్యాసాలు నాకు రుచించవు. రక్తం వలయంగా తిరుగుతుందని లెక్కగట్టి చూపినవాడు విలియం హార్వే, 1628లో. అరగంటలో గుండె తోసే రక్తం ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోతోంది కాబట్టి, వెళ్లిందే తిరిగి రావాలన్నది ఆయన వాదం. ఆ తిరుగుదారిలో ధమనినీ సిరనూ కలిపే కేశనాళికలను 1661లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మదర్శిని పెట్టి చూశాడు. ఆ కీర్తి వాళ్లది. ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయం గుండెలోని చిన్న ఆకాశం గురించి మాట్లాడినప్పుడు రక్తం ఎటు పోతోందని అడగడం లేదు. ఆ చిన్న చోటులో ఉన్నదేదో దాన్ని వెతకమంటోంది. ప్రశ్న వేరైనప్పుడు జవాబుల్ని పోటీకి పెట్టడం దేనికి?

గదులు నాలుగు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి పక్క ఒళ్లంతా తిరిగి వాడిపోయిన రక్తాన్ని అందుకుని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమ పక్క ప్రాణవాయువు నింపుకుని వచ్చిన రక్తాన్ని బృహద్ధమనిలోకి తోస్తుంది. ఎడమ జఠరిక గోడ కుడిదానికి సుమారు మూడింతల మందం, దూరం తోయాలి కదా. ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి సుమారు అయిదు లీటర్లు. అంటే మన ఒంట్లోని రక్తం దాదాపు మొత్తం నిమిషానికొకసారి గుండె గడప దాటిపోతుంది. నాలుగు చోట్ల కవాటాలు, అన్నీ ఒకవైపే తెరుచుకునేవి. కర్ణికకూ జఠరికకూ మధ్య ఉన్న కవాటాల అంచులకు సన్నని నారలు కట్టి ఉంటాయి. తలుపు తెరవడం వాటి పని కాదు. జఠరిక బిగిసినప్పుడు ఆ ఒత్తిడికి తలుపు వెనక్కి తిరగబడకుండా పట్టి ఉంచుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. సడలిక అంటే కండరం పని మానుకోవడమని మన ఊహ. నిజానికి సడలడానికి శక్తి ఖర్చవుతుంది. గుండె కండరంలో కాల్షియం పోగైతే నారలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అది బిగువు. ఆ పట్టు విడిపోవాలంటే, కాల్షియాన్ని తిరిగి దాని అరల్లోకి ఎత్తిపోయాలంటే, కణం తన ఇంధనమైన ఏటీపీని ఖర్చు పెట్టాలి. ఇంధనం లేని కండరం సడలదు. చనిపోయాక ఒళ్లు కొయ్యబారిపోయేది అందుకే. గుండెకు రక్తం తగ్గినప్పుడు కూడా ముందుగా చెడేది సడలిక, ఆ తరవాతే బిగువు. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు గీతలో అర్జునుడు మనసు నిలవదని మొరపెట్టుకున్న చోటు గుర్తొచ్చింది. అక్కడ కృష్ణుడు అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ జంటగా చెప్పాడు. వైరాగ్యమంటే చేతగాక వదిలేయడమని లోకంలో ఒక అపవాదు ఉంది. గుండె కణం సాక్ష్యం దానికి పూర్తిగా ఎదురు. పట్టుకోవడానికి కాల్షియం వచ్చి పడితే చాలు, వదలడానికి మాత్రం బలం కావాలి. బలహీనుడు చేసేది త్యాగం కాదు, అతని వేళ్లు ఇంకా బిగిసే ఉంటాయి.

దీని జబ్బు రూపం కూడా ఉంది. ఏళ్ల తరబడి బీపీ అదుపు తప్పితే ఎడమ జఠరిక గోడ దళసరి కట్టి బిరుసెక్కుతుంది. టూడీ ఎకోలో చూస్తే పంపింగ్ బాగానే ఉందని వస్తుంది. రోగికి మాత్రం నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. గుండె వైఫల్యం ఉన్నవారిలో దాదాపు సగం మందిది ఈ రకమే. తోయడం వచ్చు, పుచ్చుకోవడం రాదు. పుచ్చుకోలేని గుండె వెనక రక్తం ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. అందుకే సిస్టర్ రోగిని అడిగే ప్రశ్నల్లో అతి మామూలుగా వినిపించేది అతి ముఖ్యమైనది: రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటారు? పోయిన నెల ఒకటి, ఇప్పుడు మూడు అంటే అది కేస్ షీటులో రాయాల్సిన జవాబు. నిద్ర మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తారా అన్నది దాని తరవాతి ప్రశ్న.

దానధర్మాల్లో పేరు మోసి, ఎవరి దగ్గరా ఒక మంచి మాట కూడా పుచ్చుకోలేని పెద్దమనుషులు మనకు తెలియనివారు కారు. వాళ్ల ఎకో రిపోర్టూ బాగానే ఉంటుంది.

ఎంత నిండితే అంత బలంగా తోయడం గుండె స్వభావం. దీనికి ఫ్రాంక్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల పేర్లు కలిపి సూత్రంగా చెబుతారు. కండర నార ఒక హద్దు వరకు ఎంత సాగితే అంత గట్టిగా ముడుచుకుంటుంది. సిరల గుండా ఎంత వచ్చిందో అంతా ధమనుల్లోకి వెళ్లిపోతుంది, లోపల దాపరికం ఉండదు.

మరి అన్ని లీటర్ల రక్తం చేతుల మీదుగా పోతుంటే గుండె తన అన్నం తాను ఎప్పుడు తింటుంది? తన గదుల్లో నిండిన రక్తం దాని దాహం తీర్చదు. లోపలి పలచని పొరకు తప్ప మందమైన ఆ గోడకు అందులో చుక్క అందదు. బృహద్ధమని మొదట్లోంచి చీలిన రెండు హృద్ధమనులు గుండె పైనుంచి పాకి, కొమ్మలై లోపలికి దిగి దాన్ని పోషిస్తాయి. మొత్తం ప్రవాహంలో దాని వాటా నూటికి అయిదు పాళ్లు. అది కూడా బిగిసిన వేళ అందదు, ముడుచుకున్న కండరం తనలోంచి పోయే నాళాలను తానే నొక్కేస్తుంది. కాబట్టి ఎడమ జఠరికకు పోషణ దొరికేది ముఖ్యంగా సడలిన వేళే. ఉన్న రక్తంలోంచి ప్రాణవాయువును గుండె మామూలుగానే డెబ్బై శాతం దాకా పిండుకుంటుంది. ఇంకా కావాలంటే ఇంకా రక్తం రావాలి, రావడానికి వేళ ఉండాలి.

వేళను తినేసేది వేగం. గుండె వేగం పెరిగినప్పుడు బిగువు కాలం కొద్దిగానే తగ్గుతుంది, కోత ఎక్కువగా సడలిక మీదే పడుతుంది. వేగం మూడింతలైతే ఆవృత్తిలో మూడింట రెండు వంతులు బిగువే ఆక్రమిస్తుంది. పని పెరిగి, పనికి కావలసిన అన్నం తినే వేళ తగ్గిపోతుంది. హృద్ధమనుల్లో ఇప్పటికే కొవ్వు పేరుకున్నవారికి మెట్లెక్కినా కోపం వచ్చినా ఛాతీ పట్టేసినట్టు అయ్యేది ఇందుకే. జఠరికలు సరిగా నిండడానికి గుండె తనలోనే ఒక జాప్యం కూడా పెట్టుకుంది. కుడి కర్ణికలోని సిరాకర్ణికా కణుపు దగ్గర పుట్టిన ప్రేరణ, కర్ణికలకూ జఠరికలకూ నడుమ ఉన్న మరో కణుపు దగ్గర సెకనులో పదో వంతు నిలుస్తుంది. ఈ రెండో కణుపును 1906లో జపాన్‌కు చెందిన సునావో తవారా జర్మనీలో పనిచేస్తూ వివరించాడు. మొదటిదాన్ని మరుసటేడు ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ కనుగొన్నారు. ముందు కనబడినది ఆగే చోటు, పుట్టే చోటు ఆ తరవాత.

ఆ పుట్టే చోటును ఒంటరిగా వదిలేస్తే నిమిషానికి నూరు దాకా కొడుతుంది. మనకు 70, 72 ఉన్నాయంటే వేగస్ నాడి దాన్ని అనుక్షణం వెనక్కి పట్టి ఉంచుతున్నందువల్లే. గుండె మార్పిడి చేసినప్పుడు ఈ నాడి తెగిపోతుంది. అందుకే మార్చిన గుండె ఊరికే కూర్చున్నా 90, 100, ఒక్కోసారి 110 కొడుతుంది. మనదేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జరిగింది, చేసినవారు రాజమండ్రిలో పుట్టిన పనంగిపల్లి వేణుగోపాల్. అలాంటి రోగుల నాడి చూసే సిస్టర్లు నూరు అంకెను చూసి కంగారు పడకూడదని నేర్చుకుంటారు. సాధకుడు నేర్చుకోవలసింది కూడా ఇక్కడ ఉంది. ప్రశాంతత మనిషి సహజ స్థితి అనీ, అల్లరి పైనుంచి వచ్చిపడిందనీ తేలిగ్గా అనేస్తుంటాం. ఒంటి పాఠం వేరు: వదిలేస్తే పరుగే, శాంతంగా ఉన్న ప్రతి నిమిషం వెనకా ఒక పగ్గం పనిచేస్తోంది. ఆ పగ్గం ఊపిరితో ముడిపడి ఉంది. గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగం పుంజుకుంటుంది, విడిచేటప్పుడు నెమ్మదిస్తుంది. పడుచువాళ్లలో ఇది వేలికే తెలుస్తుంది. రేచకాన్ని పూరకం కన్నా దీర్ఘంగా ఉంచమన్న యోగుల దగ్గర ఈసీజీ లేదు. కూర్చుని గమనించే ఓపిక ఉంది.

ఓపిక అన్నాను కాబట్టి నాడి దగ్గరికి వద్దాం. ఆయుర్వేదంలో శార్ఙ్గధరుడు వాతనాడి పాములా జలగలా నడుస్తుందనీ, పిత్తనాడి కాకిలా కప్పలా గెంతుతుందనీ, కఫనాడి హంసలా పావురంలా సాగుతుందనీ చెప్పాడు. మన తెలుగు వైద్యుల చేతుల్లో నలిగిన బసవరాజీయం కూడా నాడికి పెద్దపీట వేసింది. ఆ లక్షణాలతో రోగాన్ని తేల్చగలమా అన్న చర్చ ఇక్కడ వద్దు. వేలి కింద కదులుతున్నదాన్ని అంత శ్రద్ధగా గమనించారన్నది నాకు ముఖ్యం. నేటి సిస్టరు చూపుడు వేలూ మధ్యవేలూ కలిపి మణికట్టుకు బొటనవేలి వైపున ఆనించి వేగం, లయ, నిండుదనం చూస్తుంది. గట్టిగా నొక్కితే నాడి అణగిపోతుంది, వేలు తేలిపోతే అందదు. మెడ దగ్గర రెండు వైపులా ఒకేసారి నొక్కకూడదు, రోగి తూలిపోతాడు. లయ తప్పిందనిపిస్తే పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం పనికిరాదు, నిండు నిమిషం లెక్కపెట్టాలి.

బొటనవేలితో నాడి చూడకూడదన్నది మరో నియమం. ఆ వేలికి తన సొంత కొట్టుకోలు బలంగా ఉంటుంది, చూసేవాళ్లు తమ నాడినే రోగి నాడిగా లెక్కపెట్టి రాసేస్తారు. ఎదుటివాడి మనసు మాకు తెలుసనేవాళ్లు చాలామంది బొటనవేలితో చూసినవాళ్లే. కఠోపనిషత్తు హృదయంలోని పురుషుణ్ణి బొటనవేలంత అని వర్ణించడం, నర్సింగ్ పాఠం బొటనవేలినే వద్దనడం కాకతాళీయం. అయినా తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది.

కర్ణికలు లయ తప్పి కంపించే జబ్బు ఉన్నవారి విషయంలో ఇద్దరు సిస్టర్లు ఒకే గడియారం చూస్తూ ఒకేసారి లెక్కపెడతారు. ఒకరు స్టెతస్కోప్‌తో గుండె మొన దగ్గర, మరొకరు మణికట్టు దగ్గర. అక్కడ 110 వస్తే ఇక్కడ 86 రావచ్చు. మిగిలిన ఇరవైనాలుగు ఏమైనట్టు? గుండె కొట్టుకుంది, కానీ ముందున్న విరామం మరీ పొట్టిది కావడంతో జఠరిక నిండలేదు. నిండని జఠరిక ముడుచుకుంటే చప్పుడు పుడుతుంది గానీ మణికట్టు దాకా అల పోదు. ఈ తేడాను పల్స్ డెఫిసిట్ అంటారు. జపమాల తిప్పేవాళ్లందరూ చదవవలసిన పేరా ఇది. గంటలో ఇన్ని వేలు పూర్తిచేశామని చెప్పుకునే లెక్క మొన దగ్గర తీసిన లెక్క. నామానికీ నామానికీ నడుమ నిండే వ్యవధి ఇచ్చామా లేదా అన్నది మణికట్టు దగ్గర, అంటే ఇంట్లోవాళ్లతో మన ప్రవర్తన దగ్గర తేలుతుంది. రెండు అంకెలకూ తేడా ఎంతో చెప్పమంటే మనలో చాలామందికి మాట పెగలదు.

ఇక వినడం. గుండె చప్పుడు తలుపులు తెరుచుకునేటప్పటిది అనుకుంటాం. ఆరోగ్యమైన కవాటం నిశ్శబ్దంగా తెరుచుకుంటుంది, మూసుకున్నప్పుడే చప్పుడు. కర్ణికా జఠరికల మధ్య కవాటాలు మూసుకుంటే మొదటిది, ధమనుల దగ్గరి కవాటాలు మూసుకుంటే రెండోది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎడం పొట్టి, రెండోదానికీ మళ్లీ వచ్చే మొదటిదానికీ మధ్య ఎడం పొడవు. కొత్తగా స్టెతస్కోప్ పట్టినవారు ఈ ఎడాన్ని బట్టే చప్పుళ్లను గుర్తుపడతారు. పొట్టి ఎడంలో వినబడే అదనపు సద్దు, అంటే మర్మర్, ఒక్కోసారి ఏ హానీ లేనిది కావచ్చు. పిల్లల్లో, గర్భిణుల్లో, జ్వరంలో, రక్తహీనతలో రక్తం వడిగా పారుతుంటే వినిపిస్తుంది. పొడవాటి ఎడంలో, గుండె సడలిన వేళలో వినబడే మర్మర్ మాత్రం దాదాపు ఎప్పుడూ జబ్బే. పని వేళలో కాస్త సద్దు ఉంటే ఉండవచ్చు, నిశ్శబ్దంలో సద్దు ఉంటే వెంటనే వైద్యుడికి చెప్పాలి. ధ్యానానికి కూర్చున్నవాళ్లకు దీని అర్థం విడమర్చనక్కరలేదు. బజారులో మనసు రొద పెట్టడం వింత కాదు. కళ్లు మూసుకున్నాక, కావలసినదంటూ ఏదీ ఎదురుగా లేనప్పుడు, లోపల సాగే గొణుగుడే రోగ లక్షణం.

ఆ గొణుగుడును వినే పద్ధతి కూడా చూడదగ్గది. మనదేశంలో కీళ్లవాత జ్వరం తరవాత ఇరుకైపోయిన మిట్రల్ కవాటం ఇప్పటికీ ఆసుపత్రుల్లో కనబడుతూనే ఉంది. దాని సద్దు మంద్రంగా ఉంటుంది. రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోప్‌కు గంట ఆకారంలో ఉన్న వైపును మొన మీద తేలిగ్గా ఆనించాలి. గట్టిగా అదిమితే కింది చర్మం బిగిసి తోలుపొరలా మారి, మంద్రమైన సద్దును వడకట్టేస్తుంది. రక్తం వెనక్కి కారే బృహద్ధమని కవాటమైతే రోగిని కూర్చోబెట్టి ముందుకు వంచి, ఊపిరి పూర్తిగా వదిలి ఆపమంటారు. అప్పుడు మూడో సందులో, రొమ్ముటెముక ఎడమ అంచున, ఊదినట్టు సన్నగా వినిపిస్తుంది. ఎదుటివాణ్ణి ఏ భంగిమలో కూర్చోబెడితే అతని లోపలిది వినబడుతుందో తెలుసుకోవడం, ఆ పైన తన చేతి బరువు తగ్గించుకోవడం. గురువులు శిష్యుల దగ్గర చేసేదీ ఇంతకు మించి కాదు. 1816లో రెనె లెనెక్ కాగితం చుట్టి గొట్టం చేసి ఒక యువతి గుండె విన్నప్పుడు, చెవి నేరుగా ఆనించడానికి మొహమాటపడి కొంచెం దూరం జరిగాడు. ఆ దూరం వల్ల చప్పుడు మరింత తేటగా వినబడింది.

బీపీ చూడడం ఇప్పుడు ఇంటింటి విద్య అయింది. చాలా ఇళ్లలో తప్పుగానే చూస్తున్నారు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేల మీద సమంగా ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, చెయ్యి గుండె ఎత్తున దేనిమీదైనా ఆనించాలి, మాట్లాడకూడదు. అంతకు అరగంట ముందునుంచి కాఫీ, సిగరెట్ లేకుండా ఉండాలి. గీత ఆరో అధ్యాయంలో ఆసనం వేసే పద్ధతి చదివినవాళ్లకు ఈ జాబితా పాత చుట్టంలా కనబడుతుంది. కఫ్ ఉబ్బించి నెమ్మదిగా గాలి వదులుతుంటే చప్పుడు మొదలైన చోటు పై అంకె, చప్పుడు పూర్తిగా మాయమైన చోటు కింది అంకె. 1905లో నికొలాయ్ కొరొత్కొవ్ అనే రష్యన్ వైద్యుడు చెప్పిన పద్ధతి ఇది. కింది అంకె కోసం చివరి చప్పుడు దాటాక కూడా చెవి ఒగ్గి ఉండాలి. హడావుడి మనిషి చేతిలో కింది అంకె ఎప్పుడూ నమ్మదగింది కాదు.

ఇంతా చేసి సిస్టర్ ఎన్నడూ గుండెను చూడదు. చూసేది దాని జాడలు. నలభైఅయిదు డిగ్రీల వాలులో పడుకోబెట్టి మెడ పక్కన సిర ఎంత ఎత్తున అల్లాడుతోందో చూస్తుంది. సిర కదలిక కంటికి కనబడుతుంది గానీ వేలికి అందదు, ధమని వేలికి అందుతుంది. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. కాలి ముందెముక మీద వేలు పెట్టి అదిమితే గుంట పడి నిలిచిందంటే నీరు పట్టింది. మంచాన ఉన్నవాళ్లకైతే నీరు నడుము కింద చేరుతుంది, అక్కడ చూడాలి. రోజూ ఒకే వేళ, ఒకే కాటా మీద, ఒకే రకం బట్టల్లో బరువు తూస్తుంది. రెండు మూడు రోజుల్లో కిలోన్నర రెండు కిలోలు పెరిగితే అది తిండి బరువు కాదు. క్షేత్రాన్ని చూసి క్షేత్రజ్ఞుణ్ణి తెలుసుకోమన్న గీత పదమూడో అధ్యాయపు పద్ధతికి ఇంతకన్నా నిత్యమైన అభ్యాసం నేను ఎరగను. చరకుడు వైద్యానికి నాలుగు పాదాలు చెప్పి, పరిచారకుణ్ణి అందులో ఒక పాదంగా నిలిపాడు. అతనికి ఉపచారం తెలియడం, నేర్పు, రోగి మీద అనురాగం, శుచి ఉండాలన్నాడు. అనురాగాన్ని గుణాల జాబితాలో రాసి అర్హతగా అడిగిన ఆ ధైర్యం నేటి నియామక ప్రకటనల్లో కనబడదు.

ఆ అనురాగం ప్రాణం నిలిపే సందర్భం ఒకటి చెప్పాలి. గుండెపోటు వస్తే సినిమాల్లో లాగా అందరూ ఛాతీ పట్టుకుని కూలిపోరు. షుగర్ ఉన్నవాళ్లలో నాడులు మొద్దుబారి నొప్పే తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో లాగుడు, ఎన్నడూ లేని నీరసంగా రావచ్చు. మన ఇళ్లలో వీటన్నిటికీ కలిపి గ్యాస్ అని పేరు పెట్టి సోడా తాగించి పడుకోబెడతారు. తల్లి, అత్తగారు, వదినె చెప్పుకునే నీరసాన్ని ఎవరూ లెక్కపెట్టరు. చెమటలు పట్టి ఛాతీ బరువెక్కిందంటే వేదాంతం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి. గుండె కండరం చచ్చిన చోట తిరిగి మొలవదు.

చివరిగా చోటు తగాదా ఒకటి మిగిలింది. ఈశ్వరుడు సర్వభూతాల హృదయంలో ఉన్నాడని గీత అంటే, గుండె మార్చినప్పుడు ఆయన ఎటు వెళ్లినట్టు? వేళాకోళంగా అడిగినా ఇది మంచి ప్రశ్న. బొబ్బిలి దగ్గరి కలవరాయిలో పుట్టి, 1907లో అరుణాచలం కొండ మీది బ్రాహ్మణస్వామికి రమణ మహర్షి అని పేరు పెట్టిన కావ్యకంఠ గణపతి ముని, ఆయన బోధను రమణగీతగా సంస్కృతంలో కూర్చాడు. అందులో ఒక అధ్యాయమంతా హృదయం గురించే. రక్తం తోసే గుండె ఎడమవైపుది, తాను చెప్పే హృదయం ఛాతీలో కుడివైపు అని మహర్షి స్పష్టంగా విడదీశారు. నేను అనే తలపు ఎక్కడ పుడుతుందో అదే హృదయమన్నారు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఇంకో దారి చూపారు. అంతటా ఉన్నవాణ్ణి హృదయంలో చూడమనడం సాలగ్రామంలో విష్ణువును చూడమనడం లాంటిది, చూపు నిలవడానికి ఇచ్చిన చోటు అది. ఈ రెండు మాటలూ కలిపి చదివితే శస్త్రచికిత్స గదిలో దేవుడికి ఏ ఇబ్బందీ రాదు.

ఎడమా కుడీ అని వాదించే మిత్రులకు ఆసుపత్రి వైపునుంచి చిన్న సమాచారం. రక్తం తోసే గుండే పుట్టుకతో కుడివైపున ఉండే మనుషులు అరుదుగా ఉన్నారు. దాన్ని డెక్స్‌ట్రోకార్డియా అంటారు, వాళ్లలో చాలామంది ఏ తేడా తెలియకుండానే బతుకు వెళ్లదీస్తారు. ఎడమవైపు అయిదో సందులో మొన తాకిడి చేతికి అందకపోతే, అందలేదని కాగితం మీద రాసే ముందు రోగిని ఎడమకు తిప్పి చూడాలి. అప్పటికీ అందకపోతే కుడివైపు కూడా చెయ్యి పెట్టి చూడాలి.